‘పర్వాలేదు’ అనే మాట

పోయిన నెల సంచికలో మా పుట కనబడలేదు. సంపాదకులు రెండుసార్లు కబురు పెట్టి, మూడోసారి తామే ఫోను చేసి, “ఏమండీ, మీ కలానికి సెలవు మంజూరైందా?” అని అడిగారు. సెలవు కలానికి కాదు, మాకే. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడు రేషను క్యూ గురించీ, పెండ్లి భోజనాల గురించీ నవ్వుతూ వ్రాయడానికి చెయ్యి రాలేదు. ఈ నెల కూడ వేరే సంగతి ఏదీ తోచకపోవడంచేత ఆ జబ్బు సంగతే వ్రాస్తున్నాము. ఈ పత్రిక చదివే ఇండ్లలో ఇటువంటి కష్టం ఎరుగని ఇల్లు ఎక్కువ ఉండదు గనుక, చదువరులు విసుక్కోరని నమ్మకం.

జబ్బుమనిషి మా అక్కయ్య. మాకంటె తొమ్మిదేండ్లు పెద్దది. అమ్మ పోయినప్పటినుంచి పుట్టిల్లు మాకూ ఆవిడే, ఆవిడకూ మేమే. ఆవిడను తిరుత్తణిలో ఇచ్చారు. బావగారికి అక్కడ చిన్న సరుకుల అంగడి. నిరుడు ఆడి మాసంలో అక్కయ్యకు రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలిందట. ‘తగిలిందట’ అని ఎందుకు వ్రాస్తున్నామంటే, ఆ సంగతి మాకు తెలిసింది దీపావళి వెళ్ళిన తరువాత. నొప్పి లేదుగదా అని కొన్నాళ్ళు, పండుగ వెళ్ళనీ అని కొన్నాళ్ళు, డాక్టరు నోట ఆ పేరు వినవలసి వస్తుందేమో అని కొన్నాళ్ళు, మొత్తం మూడు నెలలు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇంటి లెక్కలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి, తన ఒంటి సంగతి అంతకాలం దాచిపెట్టింది. నొప్పి లేని గడ్డనే ముందుగా చూపించుకోవలసిందని తరువాత డాక్టరమ్మ చెప్పారు. రొమ్ము గడ్డలన్నీ చెడ్డవి కావు. కాని ఏది చెడ్డదో ఏది కాదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మనం లోలోపల లెక్కలు వేసుకుంటే తెలిసేది కాదు.

ఆపరేషను ఐంది. తరువాత 21 రోజులకొకసారి ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్లకు వచ్చినప్పుడెల్లా నాలుగైదు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళేది. ఇప్పుడు రేడియేషన్. దానినే మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. సోమవారంనుంచి శుక్రవారందాకా రోజూ పెట్టాలి గనుక, ఈ నెలంతా మదరాసులో మా ఇంట్లోనే మకాం. ఊరి పేరు మారి చాలాకాలమైనా, మా నోటికి ఇంకా మదరాసే వస్తుంది, క్షమించాలి.

మొదట్లో ఒక విచిత్రం జరిగింది. రిపోర్టు వచ్చిన రోజు బావగారు డాక్టరమ్మను పక్కకు పిలిచి, “పేరు మాత్రం ఆమెకు చెప్పకండి, తట్టుకోలేదు” అని వేడుకున్నారు. మేము కూడ తల ఊపాము. ఆసుపత్రి గేటుమీద ఆ పేరు జానెడేసి అక్షరాలతో ఉన్నది. అక్కయ్యకు తమిళం చదవడం మాకంటె బాగా వచ్చును. ఆవిడ మొదటి రోజే చదువుకున్నది. చదువుకుని, “మీ బావ తట్టుకోలేరు, నాకు తెలిసిందని ఆయనతో అనవద్దు” అని మాతో చెప్పింది. ఇట్లా రెండు వారాలు ఒకరినొకరు కాపాడుకుంటూ, ఒకే గదిలో ఇద్దరూ ఒంటరిగా గడిపారు. బావగారు ఎదుట కూర్చుంటే కండ్లనీళ్ళు వస్తాయని వరండాలో కూర్చునేవారు. నన్ను చూడడానికి అసహ్యపడుతున్నారు కాబోలునని అక్కయ్య అనుకున్నది. చివరకు ఆవిడే ఒకనాడు, “లోపలికి రండి, నాకు అంతా తెలుసును” అని పిలిచింది. ఆ పూట ఇద్దరూ ఏడ్చారు. ఆనాటి రాత్రి ఆవిడ రెండు ఇడ్లీలు తిన్నది.

ఇక చుట్టాల సంగతి. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. యాపిల్ పండ్లు తెచ్చారు, విభూతి తెచ్చారు. అందరూ తెచ్చిన ఒక్క వస్తువు మాత్రం ధైర్యం. “మనసు గట్టిగా పెట్టుకో, సగం రోగం మనసులోనే ఉన్నది” అన్నారొకరు. “నవ్వుతూ ఉండు, రోగం తనంతట తానే పోతుంది” అన్నారింకొకరు. రానివాళ్ళు వాట్సాప్‌లో పంపారు: సూర్యోదయం బొమ్మ, దానిక్రింద ‘ఆలోచన మార్చుకో, ఆరోగ్యం మారుతుంది’ అన్న ధోరణిలో ఒక మాట. వాళ్ళనని ఏమి లాభం? ఆ మాటలు అందరికంటె ఎక్కువగా చెప్పింది మేమే. ఏడిస్తే రోగానికి బలం ఇచ్చినట్టేనని కూడ ఒకసారి అన్నాము. ఎక్కడ విన్నామో గుర్తులేదు. చెప్పడానికి బాగుంది గనుక చెప్పాము.

మూడో ఇంజెక్షను వేసిన రాత్రి, సుమారు రెండు గంటలకు మంచినీళ్ళకని లేచాము. వంటింట్లో దీపం లేదు. గ్రైండరు ప్రక్కన నేలమీద అక్కయ్య కూర్చుని ఉన్నది. చీర చెరగు నోట్లో కుక్కుకున్నది. జుట్టు అప్పటికే రాలిపోయింది. తలగుడ్డ కూడ జారిపోయి ఉన్నది. మేము దగ్గర కూర్చుంటే చెరగు తీసి ఇట్లా అన్నది:

“నేను ఏడవకూడదని మీరంతా చెప్తిరి కదరా. ఎంత ఆపుకున్నా ఆగలేదు. రేపు మళ్ళీ అది పెరిగితే నా తప్పే కదా? నేను ధైర్యంగా లేకపోబట్టే కదా?”

మాకు నోట మాట రాలేదు. రోగమొక బరువు. దానిమీద మేము మోపిన నేరం ఇంకొక బరువు. ఇన్నాళ్ళూ ధైర్యం అనుకుని ఇచ్చింది అది. ఇల్లు చేరిన చుట్టమల్లా తలా ఒక రాయి తెచ్చి ఆవిడ ఒడిలో పెట్టి వెళ్ళారు. అన్నిటికంటె పెద్దరాయి మాది.

మేము చదివింది మెట్రిక్యులేషనే. వైద్యం తెలియదు. కాని ఇరవై ఏండ్లకుపైగా ఆఫీసులో ఫైళ్ళు చూచినవాళ్ళము. ఎవరైనా ఒక మాట అంటే దానికి కాగితం ఎక్కడ ఉన్నదని అడగడం మా వృత్తిధర్మం. కనుక, మనసు గట్టిగా ఉంటే రోగం పోతుందన్న మాటకు కాగితం ఎక్కడున్నదో వెదికాము. తెలిసిన వైద్యుల నడిగి, అర్థమైనంతవరకు చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాము.

ముందు క్షయ సంగతి చెప్పాలి. మా తాతగారి చెల్లెలు ఒకావిడ క్షయతో పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. పురిటి బిడ్డ పోయిందన్న దిగులుతో ఆ జబ్బు ‘తెచ్చుకున్నది’ అని అనేవారు. దిగులుపడేవారికీ, సున్నితమైన మనసు కలవారికీ క్షయ వస్తుందనే నమ్మకం ఒకప్పుడు మనదేశంలోనే కాదు, ఐరోపాలోనూ ఉండేది. 1882లో కోఖ్ అనే జర్మను వైద్యుడు క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని చూపించాడు. ఐనా దానిని చంపే మందు దొరకడానికి మరో అరవై ఏండ్లు పట్టింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. 1952లో ఐసోనయజిడ్ మాత్ర వాడుకలోకి వచ్చింది. అంతవరకు రోగికి ఇవ్వగలిగిందల్లా గాలి, తిండి, విశ్రాంతి, మనశ్శాంతి. అందుకే శానిటోరియములు వెలిశాయి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. మా ఊళ్ళో తాంబరం తరువాతి రైలుస్టేషను పేరు నేటికీ ‘శానిటోరియం’ అనే ఉన్నది.

1956లో ఈ మదరాసులోనే, చేట్‌పట్‌లో, క్షయ చికిత్సకు ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పుడు తేల్చవలసిన ప్రశ్న ఇది: మందు ఒకటే ఐనప్పుడు శానిటోరియంలో పడుకుని తినేవాడికీ, ఇరుకు ఇంట్లో ఉండి తినేవాడికీ గుణంలో తేడా ఉంటుందా? 193 మంది రోగులను చీట్లువేసినట్టుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంలో మంచి తిండితో, పూర్తి విశ్రాంతితో ఉన్నది. రెండో భాగం తమ ఇండ్లలోనే ఉండిపోయింది. ఆ ఇండ్లు ఎటువంటివో ఊహించుకోవచ్చును: ఒకే గది, చాలీచాలని తిండి, కూలిపని, సంసారపు చింతలు. అందరికీ ఏడాదిపాటు ఒకే రకం మందులు. 1959లో ఫలితాలు అచ్చువేశారు. ఇంట్లో ఉన్నవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ గుణం దాదాపు సమానంగా కనిపించింది. ఆ ఫలితం ప్రపంచంలో క్షయకు చికిత్స చేసే పద్ధతినే మార్చింది.

ఆ ఇండ్లలోవాళ్ళ మనసులు ప్రశాంతంగా ఉండి ఉంటాయని ఎవరనగలరు? ఐనా మందు పనిచేసింది. దిగులుపడేవాడి ఊపిరితిత్తిలోని పురుగునూ, నవ్వేవాడి ఊపిరితిత్తిలోని పురుగునూ ఒకే తీరున చంపింది. అట్లాగైతే మనసుకు పనే లేదా అంటే, ఉన్నది. మందు కడుపులో పడితేనే పనిచేస్తుంది. అందుకని కేంద్రంవారు చెప్పాపెట్టకుండా ఇండ్లకు వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసేవారు. ఎందుకంటే, రెండు నెలలు తిరిగేసరికి దగ్గు పోతుంది, జ్వరం పోతుంది, ఒళ్ళు పుంజుకుంటుంది, మనసుకు ఉత్సాహం వస్తుంది. ‘నాకు నయమైంది’ అని మాత్రలు మానేస్తాడు. అక్కడ దెబ్బతీసేది నిరాశ కాదు, ఉత్సాహమే. ఈ రోజుల్లో మామూలు క్షయకు ఆరు నెలల మందు చాలు. కాని ఆ ఆరు నెలలూ పూర్తిగా వాడవలసిందే. కాబట్టి మనసు చేయవలసిన పని పురుగును చంపడం కాదు. చివరి మాత్ర వరకూ మనిషిని నిలబెట్టడం.

కేన్సరు విషయానికి వద్దాము. ‘పోరాడే మనసు’ ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బ్రతుకుతారన్న మాటకు కాగితం బొత్తిగా లేకపోలేదు. 1979లో లండనులో కొందరు వైద్యులు రొమ్ము కేన్సరు వచ్చిన స్త్రీలను గమనించి, పోరాడే స్వభావం చూపినవాళ్ళు మెరుగ్గా ఉన్నారని ప్రకటించారు. కాని ఆ స్త్రీల సంఖ్య నూటికి లోపే. మాట మాత్రం ప్రపంచమంతా పాకిపోయింది. ఇరవై ఏండ్ల తరువాత, 1999లో, ఇంగ్లండులోనే 578 మంది స్త్రీలను ఐదేండ్లు గమనించి చూశారు. పోరాడే మనసు ఉండడంచేత ఆయుర్దాయం పెరిగినట్టు కనబడలేదు. 2007లో తలకూ గొంతుకూ కేన్సరు వచ్చిన 1093 మంది విషయం అచ్చైంది. చికిత్స మొదట్లో మనసు బాగున్నదా లేదా అనేదాన్నిబట్టి ఎవరు ఎన్నాళ్ళుంటారో చెప్పడానికి వీలులేకపోయింది.

ఇంకొక జత కాగితాలు కూడ ఉన్నవి. అమెరికాలో వ్యాధి ముదిరిన రొమ్ము కేన్సరు స్త్రీలను వారానికొకసారి ఒకచోట చేర్చి, తమ భయాలూ దుఃఖాలూ చెప్పుకోనిచ్చేవారు. 1989లో ప్రకటించిన లెక్కప్రకారం, అట్లా కూడినవాళ్ళు కూడనివాళ్ళకంటె సుమారు ఒకటిన్నర సంవత్సరం ఎక్కువ బ్రతికారు. చదివి మేమూ సంతోషించాము. కాని 2001లో కెనడాలో 235 మందితో అదే పద్ధతి మళ్ళీ జరిపి చూస్తే, ఆయుస్సు పెరగలేదు. 2007లో మొదటి పరిశోధన చేసినవారే మరల చూశారు. వారికీ పెరిగినట్టు తేలలేదు. ఐతే కెనడా లెక్కలో ఒక సంగతి ఉన్నది. కూడి మాట్లాడుకున్న స్త్రీలకు మనస్తాపం తగ్గింది, నొప్పి బాధ కూడ తగ్గింది. మాకు ఈ వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. బ్రతికే రోజులు అన్నే ఐనా, ఆ రోజులు తక్కువ నొప్పితో గడిస్తే అది చిన్న లాభమా? పైగా ఆ స్త్రీలు ఒకచోట చేరి ఎప్పుడూ నవ్వుతూ కూర్చోలేదు. భయమంటే భయమని చెప్పుకున్నారు.

న్యాయంగా రెండోవైపు కూడ చెప్పాలి. ఇందాక చెప్పిన 1999 కాగితంలోనే, ఇక నా చేతిలో ఏమీ లేదు, అంతా ఐపోయిందని పూర్తిగా కూలబడినవారికీ, దిగులుజబ్బు తీవ్రంగా ఉన్నవారికీ ఫలితం కొంత చెడుగా ఉన్నట్టు కనిపించింది. ఎందువల్లనో తేలిగ్గా చెప్పడానికి లేదు. కాని ఒకటి తెలుసును: దిగులుజబ్బులో ఉన్నవారు వైద్యుడు చెప్పింది చెప్పినట్టు చేయకపోవడం ఇతరులకంటె సుమారు మూడింతలని 2000లో అనేక పరిశోధనలు కలిపి చూచినవారు వ్రాశారు. మందు మానేస్తారు, తారీఖు తప్పిస్తారు, తిండి వదలుతారు. కాబట్టి వారాలతరబడి నిద్రలేక, తిండి సహించక, దేనిమీదా మనసు పోక, బ్రతికి ఏమి లాభమని మాట్లాడుతూ ఉంటే, అది ధైర్యం చెప్పి సరిపెట్టవలసిన సంగతి కాదు. దానికీ వైద్యుడున్నాడు, మందున్నది. జ్వరమొస్తే సిగ్గుపడతామా? ఇదీ అంతే. అది రోగి తప్పు కాదు; రోగానికి తోడైన మరొక రోగం.

ఇదంతా మేము పోగుచేసుకుని, ఒక శుక్రవారం డాక్టరమ్మ ముందు అక్కయ్య తరఫున అడిగాము: ఏడిస్తే పెరుగుతుందా అమ్మా? ఆవిడ పెన్ను క్రింద పెట్టి, అక్కయ్య వైపు తిరిగి తమిళంలో నెమ్మదిగా చెప్పారు. ఏడ్చినందువల్ల కేన్సరు పెరగదని, ఏడుపు రానివాళ్ళే తమకు అరుదని, కాని వేళకు రాకపోతే, మందు మానితే, జ్వరం దాచితే మాత్రం తాము ఏమీ చేయలేమని. అక్కయ్య ఏమీ అనలేదు. బయటికి వచ్చి బెంచీమీద కూర్చుని, “అట్లయితే ఏడవచ్చా?” అని అడిగింది. ఏడవచ్చునన్నాము. అప్పుడు ఏడుపు రాలేదు.

ఇక శీర్షికలో పెట్టిన మాట. అక్కయ్యను ఎవరు ఎలా ఉన్నదని అడిగినా ఒకటే జవాబు. ఆసుపత్రిలో ‘పరవాయిల్లై’, ఇంట్లో ‘పర్వాలేదు’. రెండు భాషలు చేతిలో ఉన్నా, రెంటిలోనూ దాచుకునే మాట ఒక్కటే. ఇంట్లో రాత్రంతా వాంతులు చేసుకున్న మనిషి, తెల్లవారి డాక్టరమ్మ ముందు పరవాయిల్లై అనేది. నర్సమ్మ, నొప్పి సున్నకూ పదికీ మధ్య ఎంత అని అడిగితే, రెండు అనేది. మా ఇంటావిడకు మాత్రం పొద్దున్నే ‘ప్రాణం పోతున్నది వదినా’ అని చెప్పి ఉంటుంది. అదేమి అక్కయ్యా అంటే, “అంతమంది కాచుకుని ఉండారు, ఆమెకు నా గోడు ఎందుకు?” అనేది. మర్యాద, మొగమాటం, ధైర్యంగా కనబడాలన్న పట్టుదల — ఈ మూడూ కలిసి మందు వ్రాయవలసిన మనిషికి సంగతి అందకుండా చేశాయి.

గుమాస్తాలకు తెలిసిన విద్య ఒకటే, రిజిస్టరు. రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొని గళ్ళు గీశాము: తేది, తిన్నది, నిద్ర, వాంతులు, జ్వరం, నొప్పి అంకె, చివర ‘మనసు’ అని ఒక గడి. ఇంట్లో చెప్పింది ఇంట్లోనే వ్రాయాలి, ఆసుపత్రికి పుస్తకమే మాట్లాడాలి అని ఏర్పాటు. అక్కయ్య చదివింది తమిళ బడిలో గనుక తెలుగు మాటలను తమిళ అక్షరాలతో వ్రాస్తుంది. ఆ పుస్తకం చూస్తే మనవంటివాళ్ళకు తప్ప అర్థం కాదు. మొదటి వారం తరువాత డాక్టరమ్మ దానిని తిరగేసి, నాలుగు రాత్రులు వరుసగా నొప్పి 7 అని ఉండడం చూసి, “ఇది ముందే ఎందుకు చెప్పలేదు?” అని అడిగి, నొప్పికీ వాంతులకూ మందులు మార్చారు. ఆ వారం చివరకు అంకె మూడుకు దిగింది. నొప్పి తగ్గిన తరువాత ధైర్యం కొంచెం దానంతట అదే వచ్చింది. మేము ఇన్నాళ్ళూ ముందు ధైర్యం, తరువాత నొప్పి తగ్గడం అని తలక్రిందులుగా చెప్పాము.

‘మనసు’ గడిలో మొదట చాలా రోజులు ఏమీ వ్రాయలేదు. తరువాత ‘భయం’ అని వ్రాసింది. మరునాడూ ‘భయం’. ఒకనాడు ‘కోపం’ అని ఉన్నది; ఎవరిమీదనో మేము అడగలేదు. ఒకనాడు ‘మనవడు ఫోనులో మాట్లాడినాడు’ అని ఉన్నది. నిన్నటి గడిలో ‘భయం, కొంచెం’ అని ఉన్నది.

ఆసుపత్రి వసారాలో ఇంకొక సంగతి చూశాము. నెల్లూరు వైపునుంచి వచ్చిన ఒక రైతు, వయసు డెబ్బై దాటి ఉంటుంది, తమిళం ఒక్క ముక్క రాదు. డాక్టరు చెప్పినదానికల్లా ‘సరే సార్, సరే సార్’ అని తలూపి బయటికి వచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు. ఏమి చెప్పారు పెద్దాయనా అని అడిగితే, కండ్లనీళ్ళు పెట్టుకుని, “ఇంక లాభం లేదని చెప్పినట్టున్నారు బాబూ” అన్నాడు. కాగితం చూస్తే, మరో పరీక్షకు గురువారం పొద్దున ఏమీ తినకుండా రమ్మని ఉన్నది. అంతే. మేము మళ్ళీ లోపలికి తీసుకుపోయి, మాట మాటకూ అర్థం చెప్పి తీసుకువచ్చాము. భయపడ్డ మనిషికి తన భాషలోనే సగం వినబడదు; పరాయి భాషలో ఏమి వినబడుతుంది? వైద్యంకోసం ఈ ఊరికి వచ్చే తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. రెండు భాషలూ ఇంట్లో పుట్టిపెరిగినట్టున్న మన సంఘంవాళ్ళు, ఉద్యోగం విరమించి తీరికగా ఉన్నవాళ్ళు, వారానికొక పూట ఆ బెంచీమీద కూర్చుంటే ఎంత బాగుంటుంది! సంఘం కార్యవర్గం దీనిని ఆలోచించాలని ఈ పుటద్వారా మనవి.

జబ్బుమనుషులను చూడబోయే సోదరీసోదరులకు మా అనుభవంమీద నాలుగు మాటలు. ధైర్యంగా ఉండమని చెప్పకండి. ఎలా ఉన్నదో అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి. ‘పర్వాలేదు’ అంటే, ఇంకో నిముషం కూర్చోండి. ఎవరికో ఏదో ఆకు తిని నయమైన కథ చెప్పి, మందు మీద అనుమానం పెట్టకండి. యాపిల్ పండ్లు మా ఇంట్లో కుళ్ళిపోతున్నాయి. దానికి బదులు ఒక పూట చారన్నం తెచ్చిపెట్టండి, లేదా ఆసుపత్రిలో టోకెను తీసుకుని మా వంతు వచ్చేదాకా నిలబడండి. మా వీథిలో ఒకావిడ, అక్కయ్యకు పేరు కూడ తెలియదు, మంగళవారం మంగళవారం వచ్చి ఆవిడ కాళ్ళకు నూనె రాసి పోతుంది. ఒక్క మాట ఉపదేశం చెప్పదు. అక్కయ్య ఆవిడకోసం వాకిట్లో కాచుకుని ఉంటుంది.

చూసుకునేవాళ్ళనూ మరవకండి. బావగారికి ఎనిమిది కిలోలు తగ్గాయి. అంగడి పూటపూటా మూస్తున్నారు. ఆయనను ఎవరూ ఎలా ఉన్నారని అడగలేదు. మేము కూడ ఆఫీసులో ఒక పిల్లగుమాస్తామీద అకారణంగా కేకలు వేసి, సాయంకాలం క్షమాపణ చెప్పుకున్నాము.

అక్కయ్యకు నయమైపోతుందా అని చదువరులు అడుగుతారు. డాక్టరమ్మ ఆశ ఉన్నదంటున్నారు. చికిత్స సక్రమంగా నడుస్తున్నదని, పరీక్షలు వరుసగా చేస్తూ ఉండాలని అంటున్నారు. అంతకుమించి మేము చెప్పగలిగినది లేదు. ఒకవేళ ఏదైనా తేడా వచ్చినా, అది ఆవిడ మనసు చేసిన తప్పు కాదన్న సంగతి మాత్రం ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసును. ఆవిడకు కూడ తెలిసింది. ఆ ఒక్క బరువు దించగలిగాము. ఎక్కించినవాళ్ళము మేమే గనుక దించవలసినవాళ్ళమూ మేమే.

ఆవిడ అనుమతి లేకుండా ఇది అచ్చుకు పంపకూడదనుకుని, తెలుగు అక్షరాలు రాని అక్కయ్యకు నిన్న రాత్రి మొత్తం చదివి వినిపించాము. చెరగు నోట్లో కుక్కుకున్న సంగతి దగ్గర కొంచెంసేపు తల వంచుకున్నది. తీసివేయమంటావా అంటే, “ఉండనీలే, ఇంకెవరైనా అట్ల కూర్చుని ఉంటే చదువుకుంటారు” అన్నది. తరువాత, “కరెంటు ఇంకా ఏడు రోజులుండాది, అది వ్రాసినావా?” అని అడిగింది.

ఇదిగో, వ్రాశాము. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.